ఇంటి బిల్లులకు భార్యాభర్తలిద్దరికీ జాయింట్ అకౌంట్ ఉండాలా?

మారతహళ్లి కొత్త కాపురం:
ఇద్దరివీ బెంగళూరులో ఉద్యోగాలే. అద్దె, మెయింటెనెన్స్, బెస్కామ్ కరెంటు బిల్లు, ట్యాంకర్ నీళ్ల వాటా, వంటమనిషి జీతం, సరుకులు కలిపి నెలకు 66 వేల దాకా అవుతోంది. ఎవరి చేతిలో ఫోన్ ఉంటే వాళ్లు కట్టేస్తున్నాం. నెలాఖరుకు ఎవరెంత పెట్టారో తేలదు. అడగాలంటే మొహమాటం, అడక్కపోతే మనసులో ఉండిపోతుంది. ఆయన జీతం లక్షా ఇరవై, నాది అరవై. బిల్లుల వరకు ఒక జాయింట్ అకౌంట్ తెరుద్దామన్నాను. ఆయనేమో రెండు జీతాలూ అందులోనే పడనిద్దాం అంటున్నారు. మా అమ్మ అసలు జాయింట్ అకౌంటే వద్దంటోంది. మీ ఇళ్లలో ఎలా చేస్తున్నారో చెప్పండి.

అనంతపురం అబ్బాయి, వైట్‌ఫీల్డ్:
మీవారు చెప్పిందే సరైనదండీ. మా ఇద్దరి జీతాలూ ఒకే అకౌంట్‌లో పడతాయి. ఈఎంఐ, పాప ఫీజు, పండక్కి ఊరెళ్లే ఖర్చు అన్నీ అందులోంచే. ఎంత మిగిలిందో ఇద్దరికీ కనిపిస్తుంది కాబట్టి దుబారా దానంతటదే తగ్గింది. నీ వాటా ఎంత, నా వాటా ఎంత అని లెక్కేసుకోవడం రూమ్మేట్లు చేసే పని.

బెళ్లందూరు కోడలు:
తమ్ముడూ, మీ ఇంట్లో బాగా సాగుతోందంటే సంతోషమే. ఒక్క మాట అడుగుతాను. మీ ఆవిడ వాళ్ల నాన్నగారి కంటి ఆపరేషన్‌కి 40 వేలు పంపాలంటే ముందు మిమ్మల్ని అడుగుతారా, పంపాక చెబుతారా? మరి మీ అమ్మగారికి మీరు పంపేటప్పుడు? రెండింటికీ జవాబు ఒకటే అయితే నాకు అభ్యంతరం లేదు. నేను చూసిన చాలా ఇళ్లలో ఒకటి కాదు. కొడుకు పంపితే బాధ్యత, కోడలు పంపితే "పుట్టింటికి దోచిపెడుతోంది". అంతా ఒకే ఖాతాలో ఉంటే ప్రతి పైసాకీ సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఎక్కువగా ఆడవాళ్లే. హిందూ ఆడమనిషి తన కష్టంతో సంపాదించుకున్నది ఆమె సొంత ఆస్తి అని 1956లోనే మన దేశంలో చట్టం చేశారు. ఇన్నేళ్లయినా ఇంట్లో అడిగి ఖర్చుపెట్టాల్సి రావడం నాకు కష్టంగా ఉంటుంది.

చెల్లీ, జీతాలు ఎవరి ఖాతాలో వాళ్లకే పడనివ్వండి. మూడోది బిల్లులకు మాత్రమే. అందులో సగం సగం వెయ్యకండి. సగమంటే మీరు 33 వేలు పెట్టాలి, అంటే మీ జీతంలో సగానికి పైనే పోతుంది. ఆయనకు నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. జీతాల లెక్కన ఆయన 44, మీరు 22 వేస్తే ఇద్దరి మీదా బరువు సమానం. మొదట్లోనే ఒక నెల బిల్లులంత అదనంగా వేసి ఉంచండి. మిగిలింది ఎవరు ఏం చేసుకున్నా రెండోవాళ్లు అడగకూడదు. ఇది ముందే గట్టిగా మాట్లాడుకోవాలి.

ఇంటి అడ్వాన్స్ సంగతి కూడా చూసుకోండి. బెంగళూరులో అది లక్షల్లో ఉంటుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద కొంత పట్టుకుని మిగతాది అగ్రిమెంట్‌లో పేరున్నవాళ్లకే తిరిగిస్తారు. అందులో మీ డబ్బూ ఉంటే మీ పేరూ ఉండాలి.

సర్జాపుర రోడ్డు:
ఇంత హడావుడి ఎందుకు? యూపీఐ సర్కిల్ ఉందిగా. ఆయన ఖాతాకు మీరు సెకండరీ యూజర్‌గా చేరితే మీ ఫోన్ నుంచే కట్టొచ్చు.

బెళ్లందూరు కోడలు:
ఆయన ముందే అనుమతిచ్చి వదిలేసే పద్ధతిలో నెలకు 15 వేలు, ఒక్కోసారి 5 వేలే పరిమితి. అద్దె సంగతేంటి? రెండో పద్ధతిలో ప్రతి చెల్లింపునూ ఆయన ఓకే చెయ్యాలి. పైగా ఖాతా ఆయనదే. అరవై వేలు సంపాదించే మనిషికి పాకెట్ మనీ ఇచ్చినట్టు ఉంటుంది.

బ్యాంకులో చేసి రిటైరైనవాడిని, జయనగర్:
అమ్మా, మీ అమ్మగారి భయం ఊరికే కొట్టిపారేసేది కాదు. ఫారంలో "మోడ్ ఆఫ్ ఆపరేషన్" అనే గడి ఉంటుంది, జనం దాన్ని చూడకుండా సంతకం పెట్టేస్తారు. "ఐదర్ ఆర్ సర్వైవర్" అని పెడితే ఇద్దరిలో ఎవరైనా మొత్తం డబ్బు తీసేయొచ్చు, ఎవరు ఎంత వేశారన్నది బ్యాంకు చూడదు. "జాయింట్లీ" అంటే ప్రతిదానికీ ఇద్దరి సంతకాలు, కరెంటు బిల్లుకి అది కుదరదు. "ఫార్మర్ ఆర్ సర్వైవర్" అంటే మొదటి పేరు మనిషి బతికుండగా రెండోవారు ఖాతా నడపలేరు. మీ అవసరానికి మొదటిదే సరిపోతుంది. అందుకే అందులో నెల ఖర్చులకు మించి ఉంచొద్దంటున్నాను. గొడవ వస్తే ఒక్కరు రాతపూర్వకంగా కోరినా బ్యాంకు లావాదేవీలు ఆపుతుంది. కానీ ఆలోపు పోయింది పోయినట్టే.

చెక్కు బౌన్సయితే ఇద్దరి మీదా కేసు పడుతుందని భయపడతారు. సంతకం చెయ్యని జాయింట్ హోల్డర్ మీద ఆ కేసు నిలవదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. నామినీని మాత్రం తప్పకుండా పెట్టండి, 2025 నవంబర్ 1 నుంచి నలుగురి దాకా పెట్టుకోవచ్చు.

ఆడిటర్ ఆఫీసులో పని, కోరమంగల:
పాత పన్ను విధానంలో ఇద్దరూ హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు క్లెయిమ్ చేసేటట్టయితే అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లూ రాయించి, ఎవరు ఎంత అద్దె కడితే అంతకే క్లెయిమ్ చెయ్యండి. జాయింట్ అకౌంట్‌కి మీ మీ జీతం ఖాతాల నుంచి వెళ్లిన డబ్బే రుజువు. జాయింట్ అకౌంట్ వడ్డీ, ఫారంలో మొదటి పేరు ఎవరిదైనా, డబ్బు వేసినవాళ్ల వాటా ప్రకారం వాళ్ల ఆదాయంలో చూపించాలి.

అనంతపురం అబ్బాయి, వైట్‌ఫీల్డ్:
అక్కా, మా ఆవిడ వాళ్ల నాన్నగారికి పంపితే నేను అడగను. కానీ ఒక ఇంట్లో మూడు ఖాతాలంటే నా మనసు ఒప్పుకోదు. ఒకరి ఉద్యోగం పోయినప్పుడు ఈ 44, 22 లెక్క ఏమవుతుంది?

బెళ్లందూరు కోడలు:
జీతం లేని నెలల్లో వాటా సున్నా, మొత్తం రెండోవాళ్లది. జీతాల లెక్కంటే అదే కదా తమ్ముడూ. కాన్పుకు సెలవు పెట్టి జీతం ఆగినప్పుడూ అంతే. పిల్లల కోసం ఇంట్లో ఉన్న మనిషికి ఆ నెలల్లో సొంత ఖర్చుకి కూడా ఆ ఖాతాలోంచే కొంత పెట్టాలి, ఆమె అడగకముందే.

మారతహళ్లి కొత్త కాపురం:
ఆయనకు ఇదంతా చదివి వినిపించాను. అగ్రిమెంట్‌లో నా పేరు లేదని ఆయనకూ ఇప్పుడే తట్టింది. రెన్యూవల్‌లో చేర్పిస్తాం. 44, 22 లెక్కకు సరేనన్నారు, మూడు ఖాతాల మాట ఇంకా ఆలోచిస్తున్నారు. బ్యాంకుకి వెళ్తే ఏం అడగాలి సార్?

బ్యాంకులో చేసి రిటైరైనవాడిని, జయనగర్:
ఇద్దరూ ఆధార్, పాన్, ఫోటోలతో కలిసి వెళ్లండమ్మా. రెండో హోల్డర్‌కి వేరే డెబిట్ కార్డు ఇస్తారా, మీ సొంత నంబర్ మీద యూపీఐ పనిచేస్తుందా, మినిమం బ్యాలెన్స్ ఎంత, ఈ మూడూ ఫారం నింపకముందే అడగండి. కొన్ని చోట్ల యాప్ మొదటి పేరుకే పనిచేస్తుంది. అలాంటి ఖాతా మీకు ఉపయోగపడదు, ఇంకో బ్యాంకు చూసుకోండి.