కోత పండుగ స్కిట్ (ఆదికాండం 1–3): ఎవరు ఏం చేస్తున్నారు?

స్కిట్ టీమ్, ఆదివారం రాత్రి

అందరికీ వందనాలు. ఈ ఏడాది ఇక్కడ ఇంగ్లండ్‌లో మన రెడింగ్ కోత పండుగ అక్టోబర్ రెండో శనివారం. స్కూల్ హాల్ ఖాయమైంది, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 9 దాకా మనదే. ఆరాధన, పిల్లల స్కిట్, వేలం పాట, భోజనాలు, ఇదీ వరుస. స్కిట్‌కి సృష్టి కథ తీసుకున్నాం. 25 నిమిషాలకు మించకూడదు.

ఆరు రోజుల్ని ఆరు సీన్లు చేస్తే పిల్లలు చార్టు పట్టుకుని వచ్చి పోవడమే అవుతుంది, మూడో రోజుకే వెనక వరుసల్లో ఫోన్లు బయటికొస్తాయి. మొదటి అధ్యాయాన్ని నిదానంగా చదవండి, స్టేజి అమరిక అందులోనే ఉంది. మొదటి మూడు రోజులు దేవుడు చోట్లు సిద్ధం చేస్తాడు: వెలుగూ చీకటీ, తర్వాత ఆకాశమూ నీళ్లూ, తర్వాత మొక్కలతో ఆరిన నేల. మిగతా మూడు రోజులు అదే వరుసలో వాటిని నింపుతాడు: సూర్యచంద్రులు, చేపలూ పక్షులూ, జంతువులూ మనుషులూ. ఇల్లు కట్టి, సామాను సర్ది, ఆఖరున మనుషుల్ని పిలిచినట్టు. కాబట్టి మూడు తెరలు చాలు. ఒకటో రోజు తీసిన తెర దగ్గరికే నాలుగో రోజు పిల్లలు వస్తారు, రెండో తెరకి ఐదో రోజు వాళ్లు, మూడో తెరకి ఆరో రోజు వాళ్లు. రిహార్సల్ కూడా మూడు గుంపులుగా వేర్వేరుగా పెట్టుకోవచ్చు.

కుట్టుమిషన్ ఉన్నవాళ్లు చేయెత్తండి.

లైట్లు, సౌండ్

అక్కా, ఒక డౌట్. సూర్యుడు నాలుగో రోజు కదా, మరి మొదటి రోజు వెలుగు ఎక్కణ్ణుంచి వేయాలి? స్పాట్ వేస్తే అందరూ దాన్నే సూర్యుడనుకుంటారు. ఇంకోటి, పొగ మెషిన్ అడగొద్దు. హాల్లో ఫైర్ అలారం మోగితే అందరం కార్ పార్కులో నిలబడాలి.

స్కిట్ టీమ్

తమ్ముడూ, అడగాల్సిందే అడిగావు. మొదటి రోజుకి స్పాట్ వద్దు. హాలంతా చీకటి చేసి, "వెలుగు కమ్మని" అనగానే గోడ లైట్లు నాలుగు వైపులా మెల్లగా పెంచు. ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకూడదు. నాలుగో రోజు మాత్రం అట్ట సూర్యుడు తాడు మీద పైకి లేవాలి. ఆ తాడు కాస్త కనబడినా పర్లేదు, నిజానికి కనబడితేనే మంచిది. సూర్యుడు తనంతట తాను లేవలేదని తెలుస్తుంది.

పాస్టర్ అయ్యగారు

తాడు సంగతి నాకు నచ్చింది. ఐగుప్తు వాళ్లు సూర్యుణ్ణి 'రా' అని, బబులోను వాళ్లు 'షమష్' అని దేవుడిగా కొలిచిన రోజులవి. ఆదికాండంలో ఆ పేర్లేవీ లేవు, పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి, అంతే. పగటిని ఏలమని పెద్దదానికి, రాత్రిని ఏలమని చిన్నదానికి పని అప్పజెప్పాడు. అంటే సూర్యుడి ఏలుబడి కూడా ఇచ్చిన ఉద్యోగమే.

మనిషి విషయం కూడా అలాగే చూడండి. బబులోను కథలో చంపిన దేవుడి రక్తంతో మనుషుల్ని చేస్తారు, దేవతల చాకిరీ చేయడానికి. ఆ కాలంలో దేవుడి స్వరూపం అనే గౌరవం రాజులకు దక్కేది. ఇక్కడ స్త్రీకీ పురుషుడికీ ఇద్దరికీ దక్కింది. ఏలమన్నాడు, నిజమే. రెండో అధ్యాయంలో అదే మనిషిని తోటలో పెట్టి సేద్యం చేయమన్నాడు, కాపాడమన్నాడు. యజమాని ఆయన, మనం పనివాళ్లం. ఆదాము వేసే అబ్బాయికి కిరీటం వద్దు, పార ఇవ్వండి.

స్టేజి సామాను

అయ్యగారూ, ఆదాముకి వద్దు సరే, దేవుడి పాత్రకైనా కిరీటం, తెల్ల గడ్డం, సింహాసనం ఉండాలిగా? ఊళ్లో మా సండే స్కూల్లో అలాగే వేసేవాళ్లం. సింహాసనానికి మా డైనింగ్ కుర్చీ తెస్తాను.

స్కిట్ టీమ్

అన్నా, కుర్చీ వేలం పాట దగ్గర పెద్దలకి వేద్దాం. దేవుడు కనబడడు, గొంతు మాత్రమే. మొదటి అధ్యాయమంతా ఆయన పలకడం, జరగడం. దాన్ని మించిన అధికారం గడ్డంతో రాదు, పైగా గడ్డం ఊడితే పిల్లలు నవ్వుతారు. రెండో అధ్యాయంలో మంటితో చేసి ఊపిరి ఊదే చోట కూడా మనిషిని పెట్టొద్దు. ఆదాము నేల మీద గోధుమరంగు దుప్పటి కింద పడుకుని ఉంటాడు. మైకులో ఒక్క ఊపిరి వినబడగానే దుప్పటి కదలాలి.

గొంతు కోసం బాపట్ల నుంచి వచ్చిన మామయ్యగారిని అడిగాం, ఒప్పుకున్నారు.

యూత్

ఆంటీ, నేను స్కూల్ ఫ్రెండ్స్‌ని పిలిచాను. బిగ్ బ్యాంగ్, 1380 కోట్ల ఏళ్లు అని అడుగుతారు. ఏం చెప్పాలి? ఇంకో డౌట్. పండు తిని దాక్కున్న ఆదామును "నీవు ఎక్కడ ఉన్నావు" అని దేవుడు అడగడమేంటి? ఆయనకి తెలియదా?

పాస్టర్ అయ్యగారు

మొదటి ప్రశ్నకి: ఆరు దినాల లెక్క మీద సంఘంలో ఎప్పుడూ ఒకే మాట లేదు. 17వ శతాబ్దంలో ఐర్లండ్ ఆర్చ్‌బిషప్ అషర్ సృష్టిని క్రీ.పూ. 4004లో పెట్టాడు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే తొలినాటి సంఘ పండితుడు అగస్టీన్ అవి మనం లెక్కపెట్టే మామూలు రోజులు కావన్నాడు. ఈ చర్చ స్కిట్‌లోకి తేవద్దు. నీ ఫ్రెండ్స్‌ని టీ దగ్గర నా దగ్గరికి తీసుకురా, తీరిగ్గా మాట్లాడదాం.

రెండోదానికి: తెలిసే అడిగాడు, తనంతట తాను బయటికి రావాలని. మామయ్యగారూ, ఆ మాట దయచేసి గట్టిగా అనొద్దు. తప్పిపోయిన పిల్లవాణ్ణి వెతికే గొంతు కావాలి, పోలీసు గొంతు కాదు.

భోజనాలు

మెనూ: చికెన్ బిర్యానీ, గుత్తి వంకాయ, పెరుగు పచ్చడి, డబల్ కా మీఠా. మొక్కలూ పళ్లే మీకు ఆహారం అనే మొదటి అధ్యాయం 29వ వచనం చూపించి వెజ్ మాత్రమే పెట్టమని ఎవరో మెసేజ్ చేశారు. మాంసం తినొచ్చని తొమ్మిదో అధ్యాయంలో నోవహుకి చెప్పాడు కదా, స్కిట్ అయ్యాకే వడ్డిస్తాం, అప్పటికి జలప్రళయం కూడా దాటేసి ఉంటాం.

స్టేజి సామాను

ప్లాస్టిక్ ఆపిల్ పళ్లు డజను తెచ్చేశాను.

స్కిట్ టీమ్

అన్నా, తినొద్దన్న ఆ పండు ఆపిల్ అని బైబిల్లో లేదు. పైగా కోత బల్ల మీద అందరూ తెచ్చేవి ఆపిల్ పళ్లే, వాటిని చూసి పిల్లలు భయపడతారు. బంతికి బంగారు కాగితం చుట్టి వేలాడదీద్దాం. ఆకులు మాత్రం అంజూరపువే, అవి రాసి ఉన్నాయి.

ఇక ముగింపు. ఇంగ్లిష్ వాళ్లూ, హిందూ స్నేహితులూ వస్తారు, ఏడో రోజు విశ్రాంతితో ఆపేద్దాం, పాపం గురించిన గోల ఎందుకు అని ఇద్దరు ముగ్గురు అన్నారు. నేను ఒప్పుకోను. అక్కడ ఆపితే దేవుడి ఏలుబడి అంటే ఆరు రోజుల పనితనమే అనిపిస్తుంది. తోటంతా ఇచ్చి ఒక్క చెట్టు వద్దన్నాడు, ఆ ఒక్కటీ మనకి కుదరలేదు. అప్పుడాయన ఏం చేశాడో చూపించాలి: వెతికాడు, తీర్పు చెప్పాడు, చర్మపు చొక్కాలు తొడిగాడు, అప్పుడు బయటికి పంపాడు. పంపింది నేల దున్నుకోమని. కాబట్టి ఆదాము, హవ్వ పార పట్టుకుని స్టేజి దిగి నేరుగా కోత బల్ల దగ్గరికి నడుస్తారు. ఆదాము మొదటి గుమ్మడికాయ ఎత్తగానే వేలం పాట మొదలు. మధ్యలో అనౌన్స్‌మెంట్లు వద్దు, స్పాన్సర్ల పేర్లు భోజనాల దగ్గర చదువుదాం.

భోజనాలు

గుమ్మడికాయ మా ఇంట్లో కాసింది, 6 కిలోలు ఉంటుంది. ఆదాము ఎత్తగలడా?

స్కిట్ టీమ్

ఆదాముకి పన్నెండేళ్లు. హవ్వ కూడా ఒక చేయి వేస్తుంది. పిల్లలతో రిహార్సల్‌లో ఉండేవాళ్లు డీబీఎస్ (నేరచరిత్ర తనిఖీ) కాగితాలు బుధవారంలోగా నాకు పంపండి. వంట తెచ్చేవాళ్లు గిన్నె మీద పల్లీ, జీడిపప్పు, నువ్వులు ఉన్నాయో లేవో రాసి అంటించండి. శనివారం 10 గంటలకు మా గరాజ్‌లో తెరలు కుడుతున్నాం, టీ మాది, కత్తెరలు మీవి.