పాత మ్యాక్‌లో ఎక్స్‌ప్రొటెక్ట్ తాజాగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

అందరికీ నమస్కారం. మా అమ్మ ఇంట్లోనే ట్యూషన్లు చెబుతుంది. పిల్లల వివరాలు, ఫీజుల లెక్కలు అన్నీ ఒక పాత మ్యాక్‌బుక్‌లోనే ఉంటాయి. అది మ్యాక్ఓఎస్‌లో మాంటెరీ అనే పాత వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. దాని బాగోగులు చూసేది నేనే.

విండోస్‌కి నెలనెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు వస్తాయి, ఏ లోపం సరిచేశారో సీవీఈ నంబర్లతో (ఒక్కో లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) జాబితా ఉంటుంది. ఆపిల్ కూడా మ్యాక్ఓఎస్ అప్‌డేట్లకు అలాంటి జాబితా ఇస్తుంది, కాకపోతే ప్యాచ్ సిద్ధమయ్యేదాకా ఆ లోపం గురించి మాట్లాడదు. అది సబబే, ముందే చెబితే దొంగకు దారి చూపినట్టే కదా.

నా సందేహమల్లా మాల్వేర్‌ని (హాని చేసే సాఫ్ట్‌వేర్‌ని) పట్టడానికి మ్యాక్‌లోనే ఉండే ఎక్స్‌ప్రొటెక్ట్ గురించి. అది చప్పుడు లేకుండా వెనకాల అప్‌డేట్ అవుతుంది. నిన్న సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో, సాఫ్ట్‌వేర్ కింద ఇన్‌స్టలేషన్స్ తెరిచి చూశాను. ఎక్స్‌ప్రొటెక్ట్ ప్లిస్ట్ కాన్ఫిగ్ డేటా అని పేరు, పక్కన వెర్షన్ నంబరు, తేదీ ఉన్నాయి. కొత్తగా ఏ మాల్వేర్‌ని చేర్చారో మాత్రం లేదు.

2012లో జావా సాఫ్ట్‌వేర్‌లోని ఒక లోపానికి దాని తయారీ సంస్థ ఒరాకిల్ ఫిబ్రవరిలో ప్యాచ్ ఇస్తే, మ్యాక్‌లకు ఏప్రిల్‌లో గానీ అందలేదు. ఈలోగా ఫ్లాష్‌బ్యాక్ అనే మాల్వేర్ ఆ లోపం గుండా 6 లక్షలకు పైగా మ్యాక్‌లకు సోకింది. అది చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

నా దగ్గరున్న వెర్షన్ తాజాదో కాదో దేనితో పోల్చి చూడాలి? ఓఎస్‌కి ప్యాచ్‌లు ఆగిపోయాక ఎక్స్‌ప్రొటెక్ట్ ఒక్కదాన్నే నమ్ముకోవచ్చా? సోమవారం కొత్త బ్యాచ్ పిల్లల వివరాలు ఎక్కించాలి. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.