చదువరీ, అతన్ని పెళ్లి చేసుకున్నాను

షార్లెట్ బ్రాంటీ రాసిన ఇంగ్లీషు నవల ‘జేన్ ఐర్’లో కథ చెప్పేది జేన్; ఒకప్పుడు తన యజమానిగా ఉన్న రాచెస్టర్‌తో పెళ్లి గురించి ఆమె చెప్పే చివరి అధ్యాయం మొదటి వాక్యాన్ని, అంటే ‘రీడర్, ఐ మ్యారీడ్ హిమ్’ అన్నదాన్ని, తెలుగులో ఎలా చెప్పాలని నిన్న ఒక సభ్యురాలు ఇక్కడ అడిగారు. ఉన్నవి నాలుగే మాటలు. కింద వచ్చిన జవాబులన్నీ చదివాను. ‘పాఠక మహాశయా, ఆయనతో నా వివాహం జరిగింది’ అని ఒకరు రాశారు. ‘పాఠకులారా, మా పెళ్లి అయిపోయింది’ అని ఇంకొకరు రాశారు. రెండూ తప్పు పట్టడానికి వీల్లేని తెలుగు వాక్యాలే. అయినా ఆ రెండింటిలోనూ నాకు జేన్ కనిపించలేదు. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి కాబట్టి విడిగా రాస్తున్నాను.

పెళ్లి సంగతి చెప్పడానికి మనకు క్రియలు చాలానే ఉన్నాయి. ‘పెళ్లయింది’ అన్నది ‘తెల్లవారింది’ లాంటి మాట. ఎవరు చేశారో అందులో ఉండదు. ‘పెళ్లి చేశారు’ అంటే చేసినవాళ్లు పెద్దలు. ‘ఇచ్చారు’ అంటే ఆడపిల్ల ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్లింది. మా నాయనమ్మ తన పెళ్లి గురించి ఎప్పుడు చెప్పినా ‘నన్ను ఈ ఊరు ఇచ్చారు’ అనే చెప్పేది. మనిషికి ఇచ్చారని కూడా అనలేదు, ఊరికి ఇచ్చారనేది. అరవై ఏళ్ల కాపురం ఆ ఒక్క క్రియలో మొదలైంది. ‘పెళ్లి చేసుకున్నాను’ అని ఆమె నోట నేనెప్పుడూ వినలేదు.

ఈ ‘చేసుకున్నాను’లోని ‘కొను’ మీద మనం ఎక్కువగా ఆలోచించం. వండాను, వండుకున్నాను, రాశాను, రాసుకున్నాను. పని ఒకటే అయినా రెండో రూపంలో అది చేసినవాళ్ల దగ్గరికే తిరిగి వస్తుంది. తన కోసం తాను చేసిన పని అది. జేన్ వాక్యానికి ఈ ‘కొను’ ప్రాణం. ఇంగ్లీషులో కర్త స్థానంలో ‘నేను’ నిలబడి చేసే పనిని తెలుగులో ఇదే చేస్తుంది. అందుకే ‘వివాహం జరిగింది’ అనగానే వాక్యం చల్లారిపోతుంది.

కావ్యభాష నుంచి తెచ్చుకుందామంటే చిక్కులున్నాయి. ‘చేపట్టాను’లో పట్టే చేయి మగవాడిది. ‘వరించాను’ ఆడవాళ్ల మాటే గానీ అది ఎంపిక దగ్గరే ఆగిపోతుంది. ‘పెళ్లాడాను’ బాగుంటుంది, కానీ ఒక పాత కథ వాసన వేస్తుంది. జేన్ చెబుతున్న తీరు అది కాదు. ఆ తర్వాతి వాక్యం చూడండి: పెళ్లి నిరాడంబరంగా జరిగిందనీ, తామిద్దరూ, పాదిరీ, గుమాస్తా తప్ప అక్కడ ఎవరూ లేరనీ చెబుతుంది. అంత పొడిగా చెప్పే మనిషి అలంకారం వాడదు.

ఆ వాక్యం ముందు ఏం జరిగిందో మరిచిపోతే దాని బరువు తెలియదు. 34వ అధ్యాయంలో సెయింట్ జాన్ రివర్స్ అనే మతబోధకుడు జేన్‌ను భార్యగా భారతదేశానికి తీసుకువెళ్తానంటాడు. జర్మన్ చదువు మాన్పించి హిందుస్తానీ నేర్పిస్తాడు. నువ్వు నాదానివి కావాలి, నా సుఖం కోసం కాదు, నా ప్రభువు సేవ కోసం నిన్ను కోరుతున్నాను అంటాడు. ఆ ‘నిన్ను కోరుతున్నాను’లో కర్త అతను, జేన్ కర్మ మాత్రమే. చెల్లెలిగా వస్తాను, భార్యగా రాను అంటుంది జేన్. నాలుగు అధ్యాయాల తర్వాత కర్త ఆమె, కర్మ అతను. వ్యాకరణంలో జరిగిన ఈ చిన్న మార్పు కోసమే అంత పెద్ద నవల రాశారనిపిస్తుంది నాకు.

ఇక ‘అతన్ని’యా, ‘ఆయన్ని’యా? చాలామంది ‘ఆయన్ని’ వైపే మొగ్గారు. భార్య భర్త గురించి చెప్పేటప్పుడు మన నోట వచ్చేది అదే. పైగా రాచెస్టర్ ఆమె యజమాని. నవల పొడవునా ఆమె అతనితో ‘సర్’ అనే మాట్లాడుతుంది కాబట్టి సంభాషణల్లో ‘మీరు’ ఉండాల్సిందే. కానీ ఈ వాక్యం అతనితో అంటున్నది కాదు, మనతో అంటున్నది. ఇక్కడ ‘ఆయన’ వేస్తే, ఆమె కష్టపడి సంపాదించుకున్న సమానత్వం ఒక్క అక్షరంతో ఒరిగిపోతుంది. నేనైతే ‘అతన్ని’ అనే ఉంచుతాను.

సమానత్వం అన్నాను కాబట్టి 23వ అధ్యాయం గురించి ఒక మాట. తోటలో, చెస్ట్‌నట్ చెట్టు దగ్గర, ఏడాదికి 30 పౌండ్ల జీతం తీసుకునే గవర్నెస్, అంటే ఇంట్లోనే ఉండి చదువు చెప్పే పంతులమ్మ జేన్, తన యజమానితో అంటుంది: ఇద్దరం సమాధి దాటి దేవుడి పాదాల దగ్గర నిలబడ్డట్టు నా ఆత్మ మీ ఆత్మతో మాట్లాడుతోంది, ‘సమానులమే కదా మనం!’ ఇంగ్లీషుకు ‘మనం’, ‘మేము’ అన్న తేడా లేదు. ఈ చోట తెలుగు అనువాదకుడికి మూలం ఇవ్వని ఒక వరం దొరుకుతుంది. జీతగత్తె యజమానిని తనతో కలుపుకొని ‘మనం’ అనడం తెలుగు చెవికి ఎంత సాహసంగా వినిపిస్తుందో ఊహించండి. అదే పేజీలో, కొట్టుకుంటున్న అడవిపిట్టలా ఉన్నావని అతను అంటే, నేను పిట్టను కాను, ఏ వలా నన్ను పట్టలేదు, సొంత సంకల్పం ఉన్న స్వేచ్ఛగల మనిషిని అని జవాబిస్తుంది.

సంబోధన విషయంలో నా మనసు ‘చదువరీ’ మీదే ఉంది. ‘పాఠకుడా’ అంటే మగవాళ్లకే చెప్పినట్టవుతుంది. ‘పాఠకులారా’ అంటే సభలో ప్రసంగించినట్టుంటుంది. ‘చదువరి’ ఆడా మగా ఇద్దరికీ సరిపోతుంది, ఏకవచనం, పుస్తకం ఒళ్లో పెట్టుకున్న ఒక్క మనిషిని పిలుస్తుంది. ‘నేను’ కూడా తీసేయవచ్చు, అది క్రియ చివర ఉండనే ఉంది. ‘చదువరీ, అతన్ని పెళ్లి చేసుకున్నాను.’ మూలంలో నాలుగు మాటలు, ఇక్కడా నాలుగు.

నాకు ఇప్పటికీ లొంగని వాక్యం 37వ అధ్యాయంలో ఉంది. తన భవనం థార్న్‌ఫీల్డ్ కాలిపోయి, చూపూ ఒక చేయీ పోగొట్టుకుని ఉన్న రాచెస్టర్ దగ్గరికి వచ్చి, జేన్ తాను ధనవంతురాలిననీ, స్వతంత్రురాలిననీ, ‘మై ఓన్ మిస్ట్రెస్’ అనీ చెబుతుంది. మదీరాలో ఉన్న పినతండ్రి వదిలివెళ్లిన 20 వేల పౌండ్లను తనకూ, మేనత్త పిల్లలు ముగ్గురికీ సమంగా పంచగా, తన వంతుకు వచ్చిన ఐదు వేలు ఆమె దగ్గరున్నాయి. నాకు నేనే యజమానురాలిని అంటే అర్థం సరిపోతుంది. అయితే ‘మిస్ట్రెస్’ అన్న మాట 27వ అధ్యాయంలో ఒకసారి వచ్చింది. రాచెస్టర్‌కు అప్పటికే భార్య ఉందని బయటపడ్డాక, ఆమె బతికి ఉండగా మీతో ఉంటే నేను మీ ‘మిస్ట్రెస్’ను అవుతాను అంటుంది అక్కడ. తెలుగులో అది ‘ఉంపుడుగత్తె’. ఒకే మాటను అక్కడ తోసిపుచ్చి, పది అధ్యాయాల తర్వాత తన సొంతం చేసుకుంది. మన రెండు మాటల మధ్య ఆ దారం తెగిపోతుంది. నాకు ఉపాయం తట్టలేదు.

‘స్వతంత్రం’ అన్న మాటకు కూడా మన దగ్గర ఒక మచ్చ ఉంది. ‘స్వతంత్రించి ఆ పని చేసింది’ అంటే హద్దు దాటిందన్న ధ్వని వస్తుంది. జేన్ చెబుతున్నది ఒకరి మీద ఆధారపడకుండా తన డబ్బుతో తాను బతకగలనని. పెళ్లి కుదిరిన రోజుల్లో రాచెస్టర్ పట్టుబట్టలు కొనిస్తానంటే ఇబ్బంది పడి, గవర్నెస్ పని మాననని, తన తిండీ వసతీ తానే సంపాదించుకుంటానని చెప్పిన మనిషి ఆమె. అందుకని ఈ చోట ‘నా కాళ్ల మీద నేను నిలబడ్డాను’ అంటేనే దగ్గరగా ఉంటుంది. నన్ను మీతో ఉండనివ్వకపోతే మీ గుమ్మం పక్కనే నా ఇల్లు కట్టుకుంటాను, సాయంత్రాలు తోడు కావాలంటే వచ్చి నా గదిలో కూర్చోవచ్చు అంటుంది కూడా. మళ్లీ ‘కట్టుకుంటాను’!

చివరికి పెళ్లే చేసుకుంటే అదేం స్వాతంత్ర్యం అని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. నవల వచ్చిన 1847లో ఇంగ్లండ్ చట్టం ప్రకారం, ముందే విడిగా పత్రాలు రాయించుకోకపోతే, భార్య డబ్బు భర్తది అయిపోయేది. భార్య జీతం ఆమెదేనని 1870 చట్టం, ఆస్తి కూడా ఆమెదేనని 1882 చట్టం చెప్పేవరకు ఆ పరిస్థితి మారలేదు. కరర్ బెల్ అనే, ఆడో మగో తేలని మారుపేరు చాటున ఈ నవల అచ్చు వేయించుకున్న షార్లెట్ బ్రాంటీ 1855లోనే చనిపోయింది. ఆ ఐదు వేల పౌండ్లు పెళ్లి తర్వాత ఎవరి పేరు మీద ఉన్నాయో జేన్ మనకు చెప్పదు. ఆ మౌనం నన్నూ బాధిస్తుంది. అయితే చట్టం ఇవ్వని కర్త స్థానాన్ని ఆమె వాక్యంలో తీసుకుంది, అనువాదంలో మనం దాన్ని మళ్లీ లాక్కోకూడదు.

‘కట్టుకున్నాను’ గురించి ఒకటి అడగాలని ఉంది. తాళి కట్టేది మగవాడే అయినా, కోపం వచ్చినప్పుడు మన ఇళ్లలో ఆడవాళ్లు ‘నిన్ను కట్టుకుని ఏం సుఖపడ్డాను’ అంటారు. అప్పుడు కర్త ఆమే. కోపంలో కాకుండా సంతోషంగా ఒక స్త్రీ ‘అతన్ని కట్టుకున్నాను’ అని చెప్పగా మీలో ఎవరైనా విన్నారా? విని ఉంటే ఏ ఊళ్లో, ఎవరి నోట విన్నారో రాయండి.