చెక్క వంతెనకి పైకప్పు వేయిస్తే నిజంగా నిలుస్తుందా?

అందరికీ నమస్కారం. మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. చిక్కబళ్లాపురం దగ్గర మా మామగారి తోటలో వాగు మీద 18 అడుగుల చెక్క వంతెన ఉంది. వేసి ఆరేళ్లు కూడా కాలేదు, దూలాల అతుకుల్లో స్క్రూడ్రైవర్ గుచ్చితే టీలో ముంచిన రస్కులోకి దిగినట్టు దిగిపోతోంది. పైన పలకలు మాత్రం బానే ఉన్నాయి, అదే విచిత్రం.

అమెరికాలో న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్ మధ్య కనెక్టికట్ నది మీద 1866లో కట్టిన కార్నిష్-విండ్సర్ చెక్క వంతెన ఇప్పటికీ కార్లని మోస్తోంది. దానికి గోడలూ కప్పూ పెట్టింది మనుషులు తడవకుండా కాదు, పక్కల జల్లెడలా అల్లిన దూలాల్లోకి వాన దిగకుండా. కప్పు పాడైతే మళ్లీ వేసుకోవచ్చు, దూలం పోతే వంతెనే పోతుంది కదా.

మా వడ్రంగేమో "కప్పెందుకు సార్, ఏటా పాత ఇంజన్ ఆయిల్ పుయ్యండి చాలు" అంటున్నాడు. కింద నీళ్లు పశువులు తాగుతాయి, నాకు మనసొప్పట్లేదు.

ఇలాంటివి కట్టించినవాళ్లు ఉంటే చెప్పండి. మంగళూరు పెంకుల బరువు ఆగుతుందా, రేకులే నయమా? పక్కలు పూర్తిగా మూసేస్తే గాలాడక తేమ నిలిచిపోదా? దూలం చివర్లు మట్టికి ఆనేచోట ఏం పెట్టించాలి? వానలు మొదలయ్యేలోపు పని తేల్చాలి.