వానలో ఆగని పాత రోడ్ సైకిలు: బ్రేకులు మారిస్తే చాలా?

ప్రశ్న, హన్మకొండ నుంచి:
మా బాబాయి వాడి మూలకు పెట్టిన స్టీలు ఫ్రేము రోడ్ సైకిలును బయటికి తీసి, రోజూ పొద్దున భద్రకాళి బండ్ దాకా తొక్కుతున్నాను. చక్రాలు 27 అంగుళాలవి, బ్రేకులు సింగిల్ పివట్ రకానివి (రెండు చేతులూ ఒకే బోల్టు మీద తిరిగేవి). మొన్న ముసురులో కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి దిగుతుంటే, లివర్లు హ్యాండిల్‌కు ఆనేదాకా నొక్కినా సైకిలు ఆగలేదు. చివరికి చెప్పు నేలకు రాసి ఆపుకున్నాను. డ్యూయల్ పివట్ బ్రేకులు (చేతులు రెండు వేర్వేరు చోట్ల తిరిగేవి) బిగిస్తే సరిపోతుందా?

జవాబు, కాజీపేట నుంచి:
కొనే ముందు రిమ్ముకు అయస్కాంతం ఆనించి చూడండి. అతుక్కుంటే అది క్రోమ్ పూసిన స్టీలు రిమ్ము. ఆ నున్నటి అంచు తడిస్తే ఎంత ఖరీదైన బ్రేకైనా జారుతుంది కాబట్టి, అల్యూమినియం రిమ్ముల చక్రాలు వేయడమే అసలు మందు. లివరు హ్యాండిల్‌కు ఆనుతోందంటే కేబుల్ వదులైందో, రబ్బర్లు అరిగాయో చూడాలి. గోరు గుచ్చినా దిగనంత గట్టిపడిన రబ్బర్లను ఇక నమ్మకండి. ఈ రెండింటికీ అయ్యే ఖర్చు తక్కువే, మన సైకిల్ ట్యాక్సీ మెకానిక్ కూడా మార్చగలడు.

జవాబు, కరీంనగర్ నుంచి:
ఇప్పుడు దొరికే రోడ్ సైకిల్ చక్రాలు ఎక్కువగా 700సి అనే కొలతవి, కాబట్టి చక్రాలు మారిస్తే కొలత కూడా మారుతుంది. టైరు కూర్చునే చోట వ్యాసం 27 అంగుళాల రిమ్ముకు 630 మి.మీ., 700సి రిమ్ముకు 622 మి.మీ.; కాబట్టి రబ్బరు ఇరుసు వైపు 4 మి.మీ. జరగాలి. బ్రేకు బోల్టు మధ్య నుంచి రిమ్ముపై రబ్బరు తాకే చోటి మధ్య వరకు కొలవండి. రేసు సైకిళ్లకు వచ్చే మామూలు బ్రేకులు 39–49 మి.మీ. వరకే అందుతాయి, మీకు బహుశా 47–57 రకం కావాలి. పాత ఫ్రేముల్లో బ్రేకు బోల్టు రంధ్రం 6 మి.మీ.దే ఉంటుంది, కొత్త బ్రేకుల లోనట్టుకు (రంధ్రం లోపలికి దిగే నట్టుకు) 8 మి.మీ. కావాలి, ఫోర్కు వెనక గోడను మాత్రమే పెద్దది చేయించాలి, ముందు గోడ జోలికి పోనివ్వకండి. బయటి నట్టుతో వచ్చే రకం దొరికితే ఆ గొడవే ఉండదు.

అడిగినవారు:
అయస్కాంతం గట్టిగా అతుక్కుంది! కొలత 51 వచ్చింది, 700సికి 55 అవుతుంది. ముందుగా కేబుళ్లు, రబ్బర్లు మార్పించి, డబ్బు కూడాక చక్రాలు, బ్రేకులు తీసుకుంటాను.

జవాబు, కాజీపేట నుంచి:
వరుస సరిగ్గానే ఉంది. డబ్బు ఒక్క బ్రేకుకే సరిపోతే ముందు చక్రానికే పెట్టండి, ఆపే బలంలో ఎక్కువ భాగం దానిదే. అప్పటిదాకా తడిలో బ్రిడ్జి దిగేముందు, వేగం అందుకోకముందే లివర్లను మెల్లగా పట్టి రిమ్ము మీది నీళ్లు తుడుచుకోనివ్వండి.