నవంబరులో అడుగు మంచు పడింది: కొత్తవాళ్లం ఇప్పుడే స్కీయింగ్‌కు బయలుదేరవచ్చా?

ప్రశ్న: అరోరా_నివాసి

అందరికీ నమస్కారం. మేము డెన్వర్ పక్కన అరోరాలో ఉంటున్నాం. కొలరాడోకు వచ్చినప్పటి నుంచి స్కీయింగ్ నేర్చుకోవాలని అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాం. ఈ వారం సమ్మిట్ కౌంటీ వైపు అడుగుకు పైగా తాజా మంచు పడిందని, లవ్‌లాండ్, అరపాహో బేసిన్, కీస్టోన్ అనే స్కీ ఏరియాలు మూడూ తెరిచే ఉన్నాయని తెలిసి, వచ్చే శనివారమే వెళ్దామని ఇంట్లో అందరూ పట్టుబడుతున్నారు. నేను, నా భార్య, ఎనిమిదేళ్ల మా అమ్మాయి ఇంతవరకూ స్కీలు తొడుక్కోలేదు. హైదరాబాదు నుంచి నెల రోజుల కోసం వచ్చిన మా బావమరిది మాత్రం గుల్మార్గ్‌లో కోర్సు చేశాడు, ఓ మాదిరిగా దిగగలడు. ఇంత మంచు పడ్డాక కూడా స్కీ ఏరియాల వెబ్‌సైట్లలో రెండు మూడు రన్‌లే, అంటే దిగే బాటలే, తెరిచి ఉన్నట్టు ఎందుకు చూపిస్తున్నారో నాకు అర్థం కాలేదు. అదీగాక, తెరవని వాలుల మీద ముట్టని మంచు ఉంటుందనీ, లవ్‌లాండ్ పాస్ మీద కారు ఆపి అక్కడి నుంచి ఉచితంగా దిగవచ్చనీ మా బావమరిది అంటున్నాడు. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు 1: లిటిల్టన్_పాతకాపు

ముందుగా మీ సందేహానికి సమాధానం చెబుతాను, ఎందుకంటే మిగిలిన నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. నవంబరులో మీరు స్కీ చేసేది ఆకాశం నుంచి పడిన మంచు మీద కాదు, యంత్రాలు తయారుచేసిన మంచు మీద. మన కొలరాడోలో పడే తాజా మంచు చాలా తేలిక. పన్నెండు అంగుళాల మంచును కరిగిస్తే సుమారు ఒక అంగుళం నీరు వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. అంత తేలికైన మంచు మీద ఒక మనిషి దిగితే స్కీ నేరుగా కింద ఉన్న రాయినో మొద్దునో తాకుతుంది, వంద మంది దిగితే మట్టి కనబడుతుంది.

యంత్రపు మంచు అలా కాదు. రాత్రిపూట గాలిలోని తేమను కూడా లెక్కలోకి తీసుకునే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత సుమారు 28 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా దిగితే, పీడనంలో ఉన్న గాలితో నీటిని సన్నని తుంపరగా చిమ్ముతారు. ఆ తుంపర నేల చేరేలోపే గడ్డకట్టి గుండ్రని చిన్న రేణువులవుతుంది. తాజా మంచు కన్నా ఇది అనేక రెట్లు బరువు, వందలాది మంది దిగినా తట్టుకుంటుంది. మన గాలి పొడిగా ఉండటం ఇక్కడ కలిసివచ్చే విషయం, ఎందుకంటే పొడిగాలిలో తుంపర ఆవిరవుతూ తనను తానే చల్లబరచుకుంటుంది కాబట్టి థర్మామీటరు సున్నా సెల్సియస్ దగ్గర ఉన్నా పని జరుగుతుంది. అక్టోబరులోనే ఈ మూడు స్కీ ఏరియాలూ ఎవరు ముందు తెరుస్తారా అని పోటీ పడగలగడానికి ఈ యంత్రాలతో పాటు ఎత్తు కూడా కారణం: లవ్‌లాండ్ అడుగుభాగమే 10,800 అడుగులు, అరపాహో బేసిన్ అడుగుభాగం 10,520 అడుగులు.

అయితే గొట్టాలు, నీళ్లు, యంత్రాలు కొండంతా ఉండవు. ఉన్నచోట ఒక బాటను అంచు నుంచి అంచు దాకా కప్పి, యంత్రంతో చదును చేసి తెరుస్తారు. అరపాహో బేసిన్‌లో అది సాధారణంగా హై నూన్ అనే బ్లూ రన్, అంటే మధ్యస్థాయి వాలు. గోధుమరంగు కొండ మీద తెల్లటి పట్టీలా కనిపించే ఆ ఒక్క బాటను స్థానికులు వెటకారంగా ‘వైట్ రిబ్బన్ ఆఫ్ డెత్’ అంటారు. రేసులకు సాధన చేసే పిల్లలు, ఆర్నెల్లుగా ఆగలేకపోతున్న పెద్దలు, నిన్ననే బూట్లు అద్దెకు తెచ్చుకున్నవారు అందరూ శనివారం పొద్దున ఆ ఒక్క పట్టీ మీదే ఉంటారు. మీరు కొత్తవారైతే మీకు పెద్ద ప్రమాదం మంచు నుంచి కాదు, వెనక నుంచి వేగంగా వచ్చేవారి నుంచి. కింద ఉన్నవారికే దారి హక్కు అన్నది నియమమే కానీ, ఆ నియమం గుర్తున్నా ఆగడం చేతకానివారు ఆ రోజుల్లో ఎక్కువగా కనిపిస్తారు.

మరొక మాట. కొత్త మంచు అడుగు మేర పడినప్పుడు, తెరిచిన రన్ అంచుల్లో రాళ్లు కనబడకుండా పోతాయి. మంచు పడక ముందు రాయి కనిపించి తప్పుకుంటాం, పడ్డాక తప్పుకోలేం. అందుకే ఇక్కడి పాతవాళ్లు నవంబరుకని గీతలు పడ్డ పాత స్కీలను విడిగా ఉంచుకుంటారు. మీరు అద్దెకు తెచ్చుకుంటారు కనుక, అడుగున లోతైన గాట్లు పడితే ఎవరు భరించాలో అద్దె కాగితంలో చదివి సంతకం చేయండి.

జవాబు 2: గోల్డెన్_టీచరమ్మ

నేను వారాంతాల్లో పిల్లలకు స్కీయింగ్ నేర్పుతుంటాను. పై జవాబుతో ఏకీభవిస్తూ, మీ అమ్మాయి గురించి కొంచెం ఎక్కువ రాయాలనిపించింది.

మొదటిరోజు పాప నేర్చుకోవలసింది కొండ దిగడం కాదు. ఒక స్కీతో జారడం, నిలబడి మెట్లెక్కినట్టు పక్కకు ఎక్కడం, ముందు కొనలను దగ్గరచేసి వెనక కొనలను విప్పి ఆగడం, ఆ తరువాత అదే ఆకారంతో అటూ ఇటూ తిరగడం. పిల్లలకు మేము ఈ ఆగే ఆకారాన్ని ‘పిజ్జా’ అనీ, స్కీలు సమాంతరంగా ఉంచడాన్ని ‘ఫ్రెంచ్ ఫ్రైస్’ అనీ చెబుతాం. ఎనిమిదేళ్ల పిల్లలకు అది క్షణంలో పట్టుబడుతుంది. ఇదంతా జరగడానికి దాదాపు చదునైన నేల, నెమ్మదిగా కదిలే లిఫ్ట్ లేదా కదిలే పట్టీ, పక్క నుంచి ఎవరూ దూసుకుపోని స్థలం కావాలి. లవ్‌లాండ్‌లో అటువంటి చోటు వ్యాలీ అనే విడి ప్రాంతంలో ఉంది. అది లవ్‌లాండ్ ప్రధాన భాగం కన్నా ఆలస్యంగా తెరుచుకుంటుంది. ‘లవ్‌లాండ్ తెరిచారు’ అని వినగానే బయలుదేరిన కుటుంబాలు వ్యాలీ మూసి ఉండటం చూసి పిల్లలను నేరుగా పై లిఫ్ట్ ఎక్కించడం ప్రతి ఏడూ చూస్తుంటాను. పైకి వెళ్లాక ఆ పిల్ల ఏడుస్తూ కూర్చుంటే తండ్రి స్కీలు రెండూ భుజాన వేసుకుని నడిపించుకుంటూ దిగాలి. ఆ పిల్ల మళ్లీ ఏడాది దాకా స్కీయింగ్ మాట ఎత్తనివ్వదు.

కాబట్టి మీ ముగ్గురూ శనివారం వద్దు. వ్యాలీ తెరిచాక, వీలైతే వారం మధ్యలో సెలవు పెట్టి, ముందుగా పాఠం బుక్ చేసుకుని వెళ్లండి. భర్త భార్యకు నేర్పడం, తండ్రి కూతురికి నేర్పడం అనే ప్రయోగాలు కూడా చేయకండి. ఆ గొడవలు విన్నదానిగా చెబుతున్నాను.

జవాబు 3: బ్రూమ్‌ఫీల్డ్_బ్లూరన్

టీచరమ్మగారి మాటను గౌరవిస్తూనే కొంచెం భిన్నంగా చెప్పదలచాను. కీస్టోన్‌లో ఈ మధ్య సంవత్సరాల్లో సీజన్ మొదట్లోనే డెర్కమ్ కొండ పైభాగంలో కొత్తవారికి స్థలం సిద్ధం చేస్తున్నారు, అక్కడి నుంచి స్కూల్‌మార్మ్ అనే గ్రీన్ రన్, అంటే తేలిక వాలు, కింది దాకా మూడు మైళ్ల పొడవున వస్తుంది. వాలు సున్నితంగానే ఉంటుంది. డిసెంబరు సెలవులు వచ్చాక దొరకని పాఠాలు నవంబరులో దొరుకుతాయి, జనం మరీ ఎక్కువ కాని శుక్రవారం వెళితే కొత్తవారు కూడా ఆనందించవచ్చు. అందరినీ డిసెంబరు దాకా ఆపితే సగం మంది ఆ ఏడు మొదలుపెట్టనే పెట్టరు.

జవాబు 4: గోల్డెన్_టీచరమ్మ

మీరు చెప్పిన కొండపైన స్థలం మంచిదే, పాఠంతో వెళితే నాకూ అభ్యంతరం లేదు. నా భయం ఆ మూడు మైళ్లతోనే. గ్రీన్ అన్నది ఆ కొండ మీద మిగిలిన రన్‌లతో పోల్చి పెట్టిన గుర్తే తప్ప, అన్నిచోట్లా ఒకే కొలత కాదు. పిజ్జా ఆకారంలో మూడు మైళ్లు ఆపుకుంటూ దిగితే పెద్దవారి తొడలకే ఓపిక చాలదు, మధ్యాహ్నానికి నలిగి గట్టిపడిన మంచు మీద అలసిన కాళ్లతో దిగేటప్పుడే మోకాళ్లు దెబ్బతింటాయి. వెళ్లదలచుకుంటే పైనే ఉండి నేర్చుకుని, చివర్లో కిందికి గొండోలాలోనే, అంటే తీగ మీద నడిచే పెట్టెలోనే, రావచ్చునేమో అక్కడి సిబ్బందిని ముందే అడగండి. అలా రావడం చిన్నతనం కాదు.

జవాబు 5: బెర్తూడ్_బాటసారి

మీ బావమరిదిగారి ఆలోచన గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తాను. ఇందులో మర్యాదకు మెత్తగా చెప్పవలసింది ఏమీ లేదు: వద్దు.

లవ్‌లాండ్ పాస్ 11,990 అడుగుల ఎత్తున ఉన్న రోడ్డు. అక్కడ కారు దిగి స్కీ చేసేవారు, కిందికి వెళ్లాక దారిన పోయే కార్లను ఎక్కించుకోమని అడిగి పైకి వచ్చేవారు చాలామంది ఉన్న మాట నిజమే. కానీ అది స్కీ ఏరియా కాదు. అక్కడ గాయపడినవారిని ఆదుకునే స్కీ పట్రోల్ ఉండదు, స్కీ చేసేవారి కోసం పేలుడు పదార్థాలతో మంచుచరియలను ముందుగానే దించి వాలులను సురక్షితం చేసేవారూ ఉండరు.

నవంబరు మంచులో ఉన్న చిక్కు ఇది. అక్టోబరులో పడిన పల్చటి మంచు ఉత్తరం, తూర్పు వైపు ఎత్తయిన నీడవాలుల మీద కరగకుండా నిలుస్తుంది. దాని అడుగున నేల ఇంకా సున్నా డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంటుంది, పైన రాత్రి గాలి గడ్డకట్టే చలి. మంచు పొర పల్చగా ఉన్నకొద్దీ ఆ రెండింటి మధ్య తేడా తక్కువ మందంలో ఇమడాలి కాబట్టి, నీటి ఆవిరి అడుగు నుంచి పైకి వేగంగా పయనిస్తూ రేణువుల రూపాన్నే మార్చేస్తుంది. పది సెంటీమీటర్ల మందానికి ఒక డిగ్రీ సెల్సియస్ కన్నా ఎక్కువ తేడా ఉంటే ఈ మార్పు జోరందుకుంటుందని లెక్క. చివరికి మిగిలేది పంచదార పలుకుల్లా ఒకదానికొకటి అతుక్కోని మంచు. గుప్పిట పట్టి నొక్కినా ముద్ద కాదు. దాని మీద ఇప్పుడు ఒక అడుగు కొత్త మంచు, గాలికి కొట్టుకొచ్చి చేరిన మరికొంత మంచు కూర్చున్నాయి. ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీల వాలు మీద ఒక మనిషి బరువు చాలు, పై పొర పలకలా విరిగి జారడానికి. అమెరికాలో మంచుచరియల వల్ల అత్యధిక మరణాలు సంభవించిన రాష్ట్రం మనదే, అందుకు అడుగున ఉండే ఈ బలహీనమైన పొర ఒక ముఖ్య కారణం. నిండు శీతాకాలంలో మంచులో కూరుకుపోవడం ముఖ్య భయమైతే, నవంబరులో చిన్న చరియ కూడా మనిషిని బయటపడి ఉన్న రాళ్ల మీదుగా ఈడ్చుకుపోతుంది.

గుల్మార్గ్‌లో నేర్చుకున్నారంటే వారికి ఈ విషయం కొత్త కాదనుకుంటాను, అక్కడి అఫర్వట్ కొండ వాలుల మీద కూడా చరియలు పడతాయి. ఆసక్తి నిజంగా ఉంటే కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ వారు రోజూ ఇచ్చే సూచనను ఈ నెలంతా చదవమనండి, మంచుచరియల భద్రతపై కోర్సు చేయమనండి. బీకన్ (కూరుకుపోయినవారి జాడ చెప్పే రేడియో పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) అన్న మూడు పరికరాలు, వాటిని వాడటం వచ్చిన తోడు మనిషి లేకుండా రోడ్డు దాటి వాలు ఎక్కకూడదు. ఇక స్కీ ఏరియా లోపల తాడు కట్టి మూసిన రన్‌లోకి దూరడం కొలరాడో చట్టం ప్రకారం జరిమానా పడే నేరం. తాడు కట్టింది రాళ్లు చూసే కట్టారు.

అరోరా_నివాసి

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మేము ముగ్గురం వ్యాలీ తెరిచేదాకా ఆగుతాం. మా బావమరిది మాత్రం తెరిచిన రన్‌ల మీదే చేస్తానని ఒప్పుకున్నాడు, అతన్ని ఈ శనివారం లవ్‌లాండ్‌కు నేనే తీసుకువెళ్తాను. మాది ఆల్ వీల్ డ్రైవ్ కాదు, మామూలు కామ్రీ. మా మామగారు కూడా చూడటానికి వస్తానంటున్నారు. ఆయనకు అరవై ఆరేళ్లు, రక్తపోటుకు మందులు వాడుతున్నారు, ఇండియా నుంచి వచ్చి నాలుగు రోజులే అయింది.

జవాబు 6: లిటిల్టన్_పాతకాపు

కారు సంగతి మొదట. ఐ-70 హైవే మీద మారిసన్ నుంచి డాట్సెరో దాకా సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ట్రాక్షన్ చట్టం (టైర్లు మంచులో జారకుండా ఉండాలనే నియమం) అమలులో ఉంటుంది. మీ టైర్లు శీతాకాలపువో, ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) గుర్తు ఉన్నవో అయి, గాడి లోతు అంగుళంలో 3/16 వంతుకు తగ్గకుండా ఉండాలి. అలా లేకపోతే గొలుసులైనా, వాటికి బదులు గుడ్డ తొడుగులైనా కారులో ఉండి తీరాలి. కొనడమే కాక, ఇంటి ముందు పొడి నేల మీద ఒకసారి తొడిగి చూడండి, కొండ మీద చీకట్లో గాలిలో తొడగడం వేరే విద్య. శనివారం ఉదయం ఆరులోపు బయలుదేరకపోతే దారిలోని ఐడహో స్ప్రింగ్స్ దగ్గర ట్రాఫిక్‌లోనే మీ ఉదయం గడిచిపోతుంది.

మామగారిని ఈసారి తీసుకువెళ్లకండి. లవ్‌లాండ్ దగ్గర గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే. డెన్వర్ ఎత్తుకే అలవాటు పడుతున్న మనిషిని, రక్తపోటు ఉన్నవారిని, వైద్యుణ్ణి అడగకుండా మరో ఐదు వేల అడుగులు పైకి తీసుకువెళ్లడం మంచిది కాదు. మీ బావమరిది వచ్చి ఎన్నాళ్లయిందో రాయలేదు. ఆయనకైనా తలనొప్పి, వికారం మొదలైతే ‘ఇంకొక్క రన్’ అనకుండా కిందికి దిగిపోవడమే మందు.

జవాబు 7: గోల్డెన్_టీచరమ్మ

ఆగడానికి నిర్ణయించుకున్నారు కనుక ఈ ఖాళీలో ఒక పని చేయండి. డెన్వర్ చుట్టుపక్కల చాలా దుకాణాల్లో పిల్లల స్కీలు, బూట్లు సీజన్ మొత్తానికి అద్దెకిస్తారు. ఆలస్యమైతే చిన్న సైజులు అయిపోతాయి. పాప ఎత్తు, బరువు, వయసు నిజంగా ఉన్నవే చెప్పండి, ఎందుకంటే పడినప్పుడు బూటు స్కీ నుంచి విడిపోయే బిగింపును ఆ అంకెలను బట్టే అమరుస్తారు. వచ్చే ఏడుకు కూడా పనికొస్తుందని పెద్ద సైజు బూటు తీసుకోకండి. నిలబడితే వేళ్లు ముందు తగలాలి, మోకాలు వంచితే కొంచెం వెనక్కి రావాలి. లోపల ఒక్క పల్చని ఊలు మేజోడు చాలు, రెండు జతలు తొడిగితే మడతపడి కాలు నొప్పి పెడుతుంది. జీన్స్ మాత్రం ఎవరూ వేసుకోకండి.