19 నెలల బాబుకు డబ్బా సిరియల్, ప్యాకెట్ పిండి పెట్టడం తప్పా?

నిజాంపేట అమ్మ:
మా బాబుకు 19 నెలలు. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగస్తులం. ఉదయం 7:40కి నా క్యాబ్ వస్తుంది, సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఏడున్నర దాటుతుంది. పొద్దున ప్యాకెట్ పిండితో ఇడ్లీ, మధ్యాహ్నానికి పప్పన్నం, వారంలో మూడు నాలుగు సాయంత్రాలు డబ్బా సిరియల్ పాలలో కలిపి పెడుతున్నాం. పోయిన నెల వ్రతానికి వచ్చిన చుట్టాల ముందు మా అత్తయ్యగారు "నా మనవడు కొట్టు తిండి మీద పెరుగుతున్నాడు" అన్నారు. అప్పటి నుంచి వాడి నోటికి స్పూను అందించిన ప్రతిసారీ ఆ మాటే చెవిలో మోగుతోంది. ఇలా పెట్టడం నిజంగా బిడ్డకు అన్యాయం చేయడమేనా? పిల్లలను పెంచినవారు చెప్పండి.

పొన్నూరు నానమ్మ:
మీ అత్తగారు నలుగురిలో అనడం తప్పు, అన్న మాట మాత్రం తప్పు కాదు తల్లీ. బియ్యం, పెసరపప్పు కడిగి ఆరబెట్టి, సన్నని మంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, రవ్వ పట్టించి పెట్టుకుంటే నెల రోజుల ఉగ్గుకు చూసుకోనక్కర్లేదు. ఆరే సమయం వదిలేస్తే అంతా కలిపి రెండు గంటల పని. నేను పొలం పనులకు వెళ్తూనే ముగ్గురిని అలా పెంచాను. నెలకు రెండు గంటలు బిడ్డ కోసం తీయలేకపోతున్నామంటే మనమే ఆలోచించుకోవాలి. పైగా ఆ ప్యాకెట్ పిండి ఎవరు రుబ్బారో, ఏ నీళ్లు పోశారో ఎవరికి తెలుసు?

మేడ్చల్ నాన్న:
పిండినీ డబ్బానూ ఒకే గాటన కట్టకండి. తేదీ చూసి కొని, ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో వాడేసే ఇడ్లీ పిండితో నాకు పేచీ లేదు. నా అభ్యంతరమంతా డబ్బాలోని చక్కెర మీదే. నెస్లే సంస్థ మన దేశంలో అమ్మే సెరెలాక్‌లో ఒక్కో పూటకు సగటున దాదాపు 3 గ్రాముల చక్కెర కలుపుతోందని, సొంత దేశంలో అమ్మేవాటిలో మాత్రం కలపడం లేదని స్విట్జర్లాండ్‌కే చెందిన పబ్లిక్ ఐ అనే స్వచ్ఛంద సంస్థ 2024 ఏప్రిల్‌లో బయటపెట్టిన తర్వాతే చక్కెర కలపని సెరెలాక్ రకాలు మన మార్కెట్‌లోకి వచ్చాయి. పసిపిల్లల పాలపొడి, డబ్బా ఆహారాల అమ్మకాలను నియంత్రించే 1992 నాటి చట్టాన్ని 2003లో సవరించి, రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలే ఇవ్వకూడదన్నారంటే దాని వెనుక కారణం ఉంది. ఏది ఎక్కువ ఉంటే అది ముందు వచ్చేలా పదార్థాలను లేబుల్ మీద వరుసగా రాస్తారు. మీరు వాడే డబ్బా మీద చక్కెర ఎన్నోది?

గుంటూరు పిన్ని:
మా పాప కూడా డబ్బా తిండే తిన్నది. ఇప్పుడు ఏడో తరగతి, ఏ లోటూ లేదు.

పొన్నూరు నానమ్మ:
మూడో రోజుకు పుల్లబడాల్సిన పిండి వారం దాటినా పుల్లబడకపోతే అందులో ఏదో ఉన్నట్టే.

మేడ్చల్ నాన్న:
ఫ్రిజ్ చల్లదనానికి పులుపు నెమ్మదిస్తుంది, అంతే. మీరు మళ్లీ పిండి దగ్గరే ఆగిపోతున్నారు. నేను అడిగింది చక్కెర గురించి.

నిజాంపేట అమ్మ:
ఒక విషయం మొదట్లోనే రాయాల్సింది, మనసొప్పక రాయలేదు. మొన్న రక్తపరీక్షలో వాడికి హిమోగ్లోబిన్ తక్కువగా, 9.4 వచ్చింది. డాక్టరుగారు డబ్బా గురించి గానీ, పిండి గురించి గానీ అడగలేదు, "రోజుకు పాలు ఎన్ని తాగుతాడు?" అన్నదే ఆయన మొదటి ప్రశ్న. లెక్క వేస్తే ముప్పావు లీటరు తేలింది. అత్తయ్యగారు వచ్చినప్పటి నుంచి వాడు అన్నం వద్దన్న ప్రతి పూటా చక్కెర వేసిన పాలు పట్టిస్తున్నారు, మధ్యలో టీలో ముంచిన బిస్కెట్టు పెడుతున్నారు. ఇంట్లో చేతితో ఇచ్చింది కాబట్టి అది ఎవరి కంటికీ తప్పుగా కనబడలేదు.

పిల్లల వార్డు నర్సు:
మా వార్డులో ఇది రోజూ చూసేదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. పాలలో ఐరన్ నామమాత్రం. ఈ వయసులో రోజుకు అర లీటరు దాటితే పొట్ట నిండిపోయి బిడ్డ అన్నం ముట్టడు, తిన్నదానిలోని ఐరన్ కూడా సరిగా ఒంటబట్టదు. టీ అసలే వద్దు. నానమ్మగారు నొచ్చుకోకూడదు గానీ, తెల్లబియ్యం పెసరపప్పు ఉగ్గులో ఐరన్ అంతంతమాత్రం. చాలా డబ్బా సిరియల్స్‌లో దాన్ని విడిగా కలుపుతారు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా ఏడాది నిండిన బిడ్డకు ఉగ్గూ అక్కర్లేదు, డబ్బా కూడా అక్కర్లేదు, ఇంట్లో మీరు తినే అన్నమే పెట్టాలి. పప్పులో ఉప్పూ కారం వేయకముందే వాడి వాటా తీసి, మెత్తగా మెదిపి, నెయ్యి వేసి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. రోజూ గుడ్డు, మాంసం తినే ఇల్లయితే మెత్తగా ఉడికించిన కార్జం అప్పుడప్పుడూ పెట్టండి. డాక్టరు ఐరన్ సిరప్ రాసి ఉంటే దాన్ని పాలతో కలిపి ఇవ్వకండి.

పొన్నూరు నానమ్మ:
నా గోడు కూడా వినండి. కిందటి సంక్రాంతి తర్వాత రెండు కిలోల ఉగ్గురవ్వ స్టీలు డబ్బాలో పోసి, మూతకు గుడ్డ బిగించి, ఒళ్లో పెట్టుకుని రైల్లో బెంగళూరు తీసుకెళ్లాను. జూన్‌లో మళ్లీ వెళ్తే అది అల్మరా పై అరలో, కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది. విప్పితే పురుగు. నా కోడలు మంచి పిల్ల, ఎదురుమాట అనదు. వద్దని మొహం మీద చెప్పినా ఇంత బాధ ఉండేది కాదు. ఇప్పుడు మీరు అందులో బలం కూడా లేదంటున్నారు. మేం పెంచిన పిల్లలు ఇంతవాళ్లు అయ్యారు కదా!

మేడ్చల్ నాన్న:
చక్కెర ఎన్నోదో ఇంకా ఎవరూ చెప్పలేదు.

నిజాంపేట అమ్మ:
నానమ్మగారూ, మీ చేతి ఉగ్గును నేను కించపరచలేదు. కానీ మీరు చెప్పిన ఆ రెండు గంటలు ఎప్పుడూ నా రోజులోంచే ఎందుకు తీస్తారు? అత్తయ్యగారు ఆ మాట అన్నప్పుడు మావారు పక్కనే అరిటాకులు వేస్తున్నారు. ఆయన నాకన్నా గంట ముందే ఇంటికి వస్తారు, చాలా సాయంత్రాలు ఆ డబ్బా కలిపేది ఆయనే. "నువ్వేం పెడుతున్నావురా" అని ఆయనను ఒక్కరూ అడగలేదు, ఆయనా నోరు విప్పలేదు. కొట్టు తిండి అన్న మాట నాకు "నీకీ ఉద్యోగం ఎందుకు" అన్నట్టే వినిపించింది. ఇక్కడ కూడా ఇంతసేపూ అందరూ నన్నే నిలదీస్తున్నారు.

గుంటూరు పిన్ని:
ఇది మా ఇంట్లోనూ ఉన్న గొడవే అమ్మా.

పొన్నూరు నానమ్మ:
రాత్రంతా మీ మాటే ఆలోచించాను. నా కొడుకు ఇంటి నుంచే పనిచేస్తాడు. ఆ రవ్వ వాడి చేతికిచ్చి "నువ్వు కాచి పెట్టరా" అనాలని నాకు తోచనే లేదు, నేరుగా కోడలి చేతిలోనే పెట్టాను. అది నా పొరపాటే. డబ్బా విషయంలో మాత్రం నా మాట మారదు. కందిపప్పులో తోటకూర వేసి కుక్కర్ పెట్టడానికి అరగంట చాలు, ముందుగా ఇంటికి వచ్చినవారే పెట్టాలి.

నిజాంపేట అమ్మ:
మేడ్చల్ నాన్నగారూ, ఇప్పుడే డబ్బా తిప్పి చూశాను. చక్కెర మూడోది. ఇది అయిపోయాక ఇంకొకటి కొనను. ప్యాకెట్ పిండి మాత్రం మానను, పొద్దున్నే నాకు వేరే దారి లేదు. పాలు రెండు పూటలకు తగ్గించాం. నిన్న సాయంత్రం ఏడ్చి ఏడ్చి చివరికి ఆరు ముద్దలు పప్పన్నం తిన్నాడు. సాయంత్రం కుక్కర్ తానే పెడతానని మావారు ఒప్పుకున్నారు. పాల సంగతి, టీ బిస్కెట్ల సంగతి అత్తయ్యగారితో ఆయనే మాట్లాడాలని చెప్పాను. ఇంకా మాట్లాడలేదు.